కమ్యూనిటీ కాలేజీ కోసం శాక్రమెంటోలో మాట చెల్లాలంటే: ప్రభుత్వ సంబంధాల పని మొదటి నుంచి చివరి దాకా

కాలేజీలో ప్రభుత్వ సంబంధాల బాధ్యత కొత్తగా నెత్తిన పడ్డవాళ్లు, ట్రస్టీగా (కాలేజీ బోర్డు సభ్యుడిగా) గెలిచినవాళ్లు, కాలేజీ ఫౌండేషన్‌లో వాలంటీర్లుగా ఉన్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: “మా కాలేజీకి నిధులు రావాలంటే ఎవరిని కలవాలి?”

ఎవరిని కలవాలన్నది మూడో ప్రశ్న. ఏం అడుగుతున్నాం, ఎప్పుడు అడుగుతున్నాం అనేవి ముందు తేలాలి. ఆ రెండూ తేలకుండా అపాయింట్‌మెంట్ తీసుకుంటే ఫొటో దిగి వస్తాం, పని మాత్రం కాదు.

ఇక్కడ రాసిందంతా కాలిఫోర్నియా పద్ధతి. 73 డిస్ట్రిక్టులు, 116 కాలేజీలు, 20 లక్షలకు పైగా విద్యార్థులు ఉన్న వ్యవస్థ ఇది. కూపర్టినోలో డి ఆన్జా, ఫ్రీమాంట్‌లో ఓలోన్ లాంటి కాలేజీలు మన ఇళ్లల్లో బాగా తెలిసినవే. ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉన్నవాళ్లకు తయారీ పద్ధతి పనికొస్తుంది కానీ తేదీలు పనికిరావు. టెక్సస్ చట్టసభ బేసి సంవత్సరాల్లోనే, 140 రోజులు మాత్రమే మామూలు సమావేశాలు జరుపుతుంది. అక్కడ అసలు తయారీ అంతా సరి సంవత్సరంలోనే అయిపోవాలి.

## 1. తాళం ఎవరి దగ్గరుందో చూసుకోండి

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఫీజు తగ్గించమని ట్రస్టీని అడుగుతారు. ఆ ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు, 2012 వేసవి నుంచి అదే. దాన్ని నిర్ణయించేది రాష్ట్ర చట్టసభ, స్థానిక బోర్డు కాదు. పార్కింగ్ కష్టాలు అసెంబ్లీ సభ్యుడికి చెబుతారు. అది కాలేజీ చేతిలో ఉన్న పని.

ఏది ఎవరి చేతిలో ఉందో స్థూలంగా ఇదీ లెక్క:

- స్థానిక బోర్డు: కాలేజీ బడ్జెట్, ప్రెసిడెంట్ నియామకం, ఏ కోర్సులు నడపాలి, స్థానిక బాండ్‌ను (భవనాల కోసం తీసుకునే అప్పును) ఓటుకు పెట్టాలా వద్దా. 2000లో వచ్చిన ప్రపోజిషన్ 39 కింద అయితే ఆ బాండ్‌కు 55 శాతం ఓట్లు చాలు.
- రాష్ట్ర ఛాన్సలర్ ఆఫీస్, బోర్డ్ ఆఫ్ గవర్నర్స్: నిబంధనలు, నిధుల పంపిణీ, వ్యవస్థ మొత్తం తరఫున రాష్ట్రాన్ని అడిగే బడ్జెట్ కోరిక.
- చట్టసభ, అంటే 80 మంది అసెంబ్లీ సభ్యులు, 40 మంది సెనేటర్లు: బిల్లులు, బడ్జెట్, ఫీజు.
- గవర్నర్, ఆయన కింద ఆర్థిక శాఖ: బడ్జెట్ మొదటి ముసాయిదా, చివరి సంతకం, వీటో.
- వాషింగ్టన్: తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంట్లు, వృత్తి విద్యకిచ్చే పర్కిన్స్ నిధులు.

రెండు విషయాలు మాత్రం కంఠస్థం చేయాలి.

మొదటిది ప్రపోజిషన్ 98. 1988లో ఓటర్లు ఆమోదించిన ఈ నియమం స్కూళ్లకు, కమ్యూనిటీ కాలేజీలకు కలిపి బడ్జెట్‌లో కనీస వాటా ఖాయం చేస్తుంది. అందులో కాలేజీలకు ఆనవాయితీగా దక్కేది 11 శాతానికి అటూ ఇటూ. అంటే మనం పంచుకునే కంచంలో పెద్ద భాగం స్కూళ్లది. స్కూల్ డిస్ట్రిక్టులతో తగాదా పెట్టుకుని ఈ పని చేయలేం.

రెండోది 2018-19 నుంచి అమల్లో ఉన్న నిధుల సూత్రం. సుమారు 70 శాతం విద్యార్థుల సంఖ్యను బట్టి, 20 శాతం పెల్ గ్రాంట్, ఫీజు మినహాయింపు లాంటివి పొందే విద్యార్థులను బట్టి, 10 శాతం డిగ్రీలు, యూనివర్సిటీలకు ట్రాన్స్‌ఫర్లు వగైరా ఫలితాలను బట్టి వస్తుంది. ఏ బిల్లు వచ్చినా “మా కాలేజీకి ఈ మూడింట్లో ఎక్కడ తగులుతుంది?” అన్న ప్రశ్నకు అరగంటలో జవాబు దొరకాలి. దొరకట్లేదంటే మీ ఫైనాన్స్ ఆఫీసుతో మీకింకా స్నేహం కుదరలేదన్నమాట. అది ముందు కుదుర్చుకోండి.

## 2. చట్టం గీసిన గీతలు

ఈ భాగం దాటేసి ముందుకు పోవద్దు. ఒక్క తప్పు ఈమెయిల్‌తో కాలేజీ పరువు వార్తల్లోకి ఎక్కుతుంది.

ఎన్నికలు వేరు, అడ్వొకసీ వేరు. కాలిఫోర్నియా ఎడ్యుకేషన్ కోడ్ సెక్షన్ 7054 ప్రకారం డిస్ట్రిక్ట్ డబ్బు, సిబ్బంది సేవలు, సామాన్లు, పరికరాలు ఏవీ అభ్యర్థికి గానీ బ్యాలెట్ ప్రతిపాదనకు గానీ అనుకూలంగానో వ్యతిరేకంగానో వాడకూడదు. రాష్ట్ర సుప్రీంకోర్టు 1976లోనే స్టాన్సన్ వర్సెస్ మాట్ కేసులో ఈ గీత గీసింది. బాండ్‌లో ఏముందో నిష్పాక్షికంగా సమాచారం ఇవ్వొచ్చు. “ఓటేయండి” అనకూడదు. బోర్డు బహిరంగ సమావేశంలో తీర్మానం చేయొచ్చు. ఆ తీర్మానాన్ని ప్రచార కరపత్రంగా కాలేజీ ఖర్చుతో పంచకూడదు. వ్యక్తిగతంగా ప్రచారం చేయాలంటే మీ సొంత సమయం, సొంత ఫోన్, సొంత ఈమెయిల్.

బిల్లు మీద వాదించడం తప్పు కాదు. చట్టసభలో పెండింగ్‌లో ఉన్న బిల్లుకు కాలేజీ మద్దతు లేఖ రాయొచ్చు, సాక్ష్యం చెప్పొచ్చు. ఇదీ, ఎన్నికల ప్రచారమూ ఒకటే అనుకుని భయపడి నోరు మూసుకునే కాలేజీలూ ఉన్నాయి. అది కూడా నష్టమే.

బ్రౌన్ యాక్ట్ (స్థానిక బోర్డులు బహిరంగంగానే సమావేశం కావాలన్న చట్టం). మామూలు బోర్డు సమావేశం ఎజెండాను 72 గంటల ముందు పెట్టాలి. మెజారిటీ ట్రస్టీలు సమావేశం బయట ఒకరి ద్వారా ఒకరు మాట్లాడుకుని నిర్ణయానికి రాకూడదు. మన వాట్సాప్ గ్రూప్ అలవాటు ఇక్కడ ప్రమాదం. 2021 నుంచి సోషల్ మీడియాకూ ప్రత్యేక నియమం ఉంది: బోర్డు పరిధిలోని విషయంపై ఒక ట్రస్టీ పెట్టిన పోస్టుకు మరో ట్రస్టీ నేరుగా స్పందించకూడదు. లైక్ కొట్టినా, ఎమోజీ పెట్టినా స్పందనే.

రిజిస్ట్రేషన్. కాలేజీ లాబీయిస్టును (తన తరఫున ప్రభుత్వంతో మాట్లాడి ఒప్పించే మనిషిని) పెట్టుకుంటే ప్రతి 3 నెలలకూ రాష్ట్రానికి ఖర్చుల లెక్క చెప్పాలి. జీతం ఇచ్చే ఉద్యోగి ఒక నెలలో తన పని సమయంలో మూడో వంతు రాష్ట్ర అధికారులతో నేరుగా మాట్లాడటానికే పెడితే ఆ ఉద్యోగే లాబీయిస్టు లెక్కలోకి రావచ్చు. కాబట్టి గంటల లెక్క మొదటి రోజు నుంచే రాసుకోండి. అనుమానం వస్తే కాలేజీ లాయర్‌ను అడగండి.

ఫెడరల్ గ్రాంట్ డబ్బు. గ్రాంట్‌పై జీతం తీసుకునే ఉద్యోగిని ఆ గ్రాంట్ గంటల్లో లాబీయింగ్‌కు తీసుకెళ్లొద్దు. ప్రయాణ ఖర్చు కూడా ఆ ఖాతాలో రాయొద్దు.

బహుమతులు. మన దగ్గర ఎమ్మెల్యేను కలవడానికి వెళ్తే బొకే, శాలువా, మెమెంటో లేకుండా వెళ్లం. ఇక్కడ రిజిస్టర్డ్ లాబీయిస్టు ఒక అధికారికి నెలకు ఇవ్వగలిగేది 10 డాలర్ల లోపే. మంచి శాలువాకు అది చాలదు. ప్రేమగా తీసుకెళ్లిన బహుమతి వాళ్లకు టెన్షన్ తెస్తుంది, ఏదో ఒక ఫారంలో చూపించుకోవాలి. వట్టి చేతులతో వెళ్లడమే మర్యాద. ప్రభుత్వ కార్యాలయ భవనంలో ఎన్నికల చందా చెక్కు చేతికివ్వడం చట్టరీత్యా నిషేధం. ఆ ప్రస్తావన కూడా అక్కడ తేవద్దు.

## 3. బోర్డుతో ముందే ‘ప్రాధాన్యతల పత్రం’ ఆమోదింపజేయండి

నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ఆయువుపట్టు. ఎందుకో చూడండి.

బోర్డు నెలకోసారో రెండుసార్లో కూర్చుంటుంది. బిల్లు మాత్రం మంగళవారం సవరణకు లోనై, వచ్చే బుధవారం కమిటీ ముందుకు వస్తుంది. దానిపై మద్దతు లేఖ పంపాలంటే బోర్డు అనుమతి కావాలి. ఎజెండాలో పెట్టి, 72 గంటలు ఆగి, సమావేశం అయ్యేసరికి కమిటీలో ఓటు కూడా అయిపోతుంది.

దీనికి మందు: అక్టోబరు, నవంబరు సమావేశాల్లోనే వచ్చే ఏడాదికి ప్రాధాన్యతల పత్రం ఆమోదింపజేయడం. అందులో ఇవి ఉండాలి:

- మూడుకు మించకుండా నిర్దిష్టమైన కోరికలు.
- కాలేజీ ఎప్పుడూ మద్దతిచ్చే సూత్రాలు (ఉదాహరణకు విద్యార్థుల భోజనం, వసతి సాయం, స్థానిక బోర్డు నిర్ణయాధికారం).
- ఆ సూత్రాల పరిధిలో ఉన్న బిల్లులపై ప్రెసిడెంట్ లేదా డిస్ట్రిక్ట్ ఛాన్సలర్ సంతకంతో లేఖలు పంపే అధికారం.
- పంపిన ప్రతి లేఖనూ తర్వాతి సమావేశంలో బోర్డుకు చూపించాలన్న షరతు.
- వివాదాస్పదమైనవి, సూత్రాల్లో లేనివి తప్పనిసరిగా బోర్డు ముందుకే రావాలన్న గీత.

మూడే ఎందుకంటే, పన్నెండు కోరికల జాబితా ఇచ్చిన కాలేజీకి అందులో తేలికైనది ఒకటి చేసిపెట్టి పంపేస్తారు. సాధారణంగా అది మీకు అంత అవసరం లేనిదే అయి ఉంటుంది.

కోరికలు ఎంచుకునేటప్పుడు ఫ్యాకల్టీ సెనేట్, ఉద్యోగ సంఘాలు, విద్యార్థి సంఘం ముగ్గురితోనూ కూర్చోండి. అన్నిటిలో ఏకాభిప్రాయం రాదు. పార్ట్‌టైమ్ అధ్యాపకుల విషయంలో యాజమాన్యం, సంఘాలు వేర్వేరు వైపుల ఉండటం మామూలే. కలిసేవాటిని కలిసి అడగండి. కలవనివాటిని ఎవరి దారిన వాళ్లు అడగండి, కానీ ముందే ఒకరికొకరు చెప్పుకోండి. ఒకే కాలేజీ నుంచి పొద్దున ఒక మాట, సాయంత్రం మరో మాట వెళ్తే సభ్యుడి ఆఫీసు రెండూ పక్కన పెట్టేస్తుంది.

## 4. ఒక్క పేజీ కాగితం

సభ్యుడి ఆఫీసులో మీరు వదిలి వచ్చేది ఒక్క కాగితమే. దాని మీద నాలుగే ఉండాలి: సమస్య, కోరిక, మీ నియోజకవర్గంలో ఎంతమందికి, మమ్మల్ని సంప్రదించడానికి ఒక పేరు.

అసలు బలం మూడో దాంట్లో ఉంది. కాలేజీ మొత్తం లెక్క సభ్యుడికి అక్కర్లేదు, తన నియోజకవర్గం లెక్క కావాలి. ఆగస్టులోనే కాలేజీ పరిశోధన విభాగాన్ని అడిగి విద్యార్థుల ఇంటి చిరునామాలను అసెంబ్లీ, సెనేట్ నియోజకవర్గాల వారీగా విడదీయించండి. పేర్లు వద్దు, సంఖ్యలు చాలు. ఒక కాలేజీకి ముగ్గురు నలుగురు సభ్యులు తగలొచ్చు. ఒక్కొక్కరికీ వేరే కాగితం వెళ్లాలి.

తేడా ఎలా ఉంటుందో చూపిస్తాను. ఈ అంకెలు ఊహించి రాసినవి.

పనికిరాని కోరిక: “మా కాలేజీ నర్సింగ్ విభాగానికి రాష్ట్రం తగిన ప్రాధాన్యం ఇచ్చి, నిధులు పెంచవలసిందిగా కోరుతున్నాం.”

పనికొచ్చే కోరిక: “మా నర్సింగ్ ప్రోగ్రాంలో 40 సీట్లు ఉన్నాయి. అర్హత ఉండి సీటు దొరకనివాళ్లలో 65 మంది మీ నియోజకవర్గం వాళ్లు. సీట్లు పెరగకపోవడానికి కారణం క్లినికల్ శిక్షణకు ఆసుపత్రుల్లో చోటు దొరకకపోవడం. ఫలానా బిల్లు ఆ చోటును పంచే పద్ధతి మారుస్తుంది. ఏప్రిల్‌లో హెల్త్ కమిటీలో మీరు దానికి అనుకూలంగా ఓటు వేయాలని అడుగుతున్నాం.”

రెండోదానికి సభ్యుడు అవునో కాదో చెప్పక తప్పదు. మొదటిదానికి “తప్పకుండా చూద్దాం” అంటే సరిపోతుంది.

కాగితం పంపే ముందు:

- ప్రతి అంకె పక్కన ఏ సంవత్సరానిదో ఉందా?
- ఛాన్సలర్ ఆఫీస్ బయటపెట్టిన అంకెతో మన అంకె సరిపోతోందా? తేడా ఉంటే కారణం మన దగ్గర ఉందా?
- బిల్లు నంబరు, ప్రస్తుత సవరణ తేదీ సరిగ్గా ఉన్నాయా?
- కాలేజీ సంగతులు తెలియని మనిషి చదివితే అర్థమవుతుందా? పొడి అక్షరాల పేర్లన్నీ తీసేశామా?

## 5. క్యాలెండర్ గోడకు తగిలించండి

రాష్ట్ర ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. తేదీలన్నీ దాన్ని బట్టే నడుస్తాయి.

ఆగస్టు–సెప్టెంబరు. అంకెలు సిద్ధం చేసుకోండి. సాధారణంగా సెప్టెంబరులో బోర్డ్ ఆఫ్ గవర్నర్స్ వ్యవస్థ తరఫున రాష్ట్రాన్ని అడిగే బడ్జెట్ కోరిక ఖరారు చేస్తుంది. మీ కోరిక అందులో చేరితే వ్యవస్థ బలమంతా దాని వెనక ఉంటుంది. చేరాలంటే వేసవిలోనే ఛాన్సలర్ ఆఫీసుతో మాట్లాడి ఉండాలి.

అక్టోబరు–డిసెంబరు. చట్టసభ సమావేశాలు ఉండవు. సభ్యులు సొంత ఊళ్లో ఉంటారు. క్యాంపస్‌కు పిలవడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. బిల్లు తెచ్చే సభ్యుణ్ని వెతుక్కోవాల్సిందీ ఇప్పుడే.

జనవరి. 10వ తేదీలోపు గవర్నర్ బడ్జెట్ ప్రతిపాదన వస్తుంది. రాష్ట్రంలోని ఈ కాలేజీల సంఘమైన కమ్యూనిటీ కాలేజీ లీగ్ వార్షిక శాసన సదస్సు కూడా శాక్రమెంటోలో జనవరి చివర్లోనే జరుగుతుంటుంది. ట్రస్టీలను, విద్యార్థులను తీసుకెళ్లండి.

ఫిబ్రవరి. కొత్త బిల్లులు పెట్టడానికి గడువు మూడో వారం ప్రాంతంలో ముగుస్తుంది. చట్టసభకు సలహాలిచ్చే లెజిస్లేటివ్ అనలిస్ట్ ఆఫీస్ బడ్జెట్ విశ్లేషణలు వస్తాయి. అవి తప్పక చదవండి, కమిటీ సిబ్బంది అడిగే ప్రశ్నలు చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

మార్చి–ఏప్రిల్. బడ్జెట్ సబ్‌కమిటీలు, విధాన కమిటీల విచారణలు. ఎక్కువ ప్రయాణాలు ఇప్పుడే.

మే. 14లోపు గవర్నర్ సవరించిన బడ్జెట్. ఏప్రిల్ పన్నుల వసూళ్లు తెలిశాక వచ్చే ఈ కాగితం జనవరి ఆశలను తలకిందులు చేయగలదు. ఆ రోజు మధ్యాహ్నానికల్లా మీ బోర్డుకు అరపేజీ సారాంశం వెళ్లాలి.

జూన్ 15. చట్టసభ బడ్జెట్ ఆమోదించాల్సిన గడువు.

ఆగస్టు, సెప్టెంబరు. సరి సంవత్సరాల్లో ఆగస్టు 31తో, బేసి సంవత్సరాల్లో సెప్టెంబరు మధ్యలో సమావేశాలు ముగుస్తాయి. తర్వాత సంతకానికో, వీటోకో గవర్నర్‌కు నెల రోజుల గడువు.

ఈ పట్టికలో నిశ్శబ్దంగా కనిపించే నెలలు ఆగస్టు నుంచి డిసెంబరు. పని సగం పైగా జరిగేది అప్పుడే. మార్చిలో హడావుడిగా మొదలుపెట్టే కాలేజీ ఆ ఏడాదికి ప్రేక్షకుడే.

## 6. పదిహేను నిమిషాల సమావేశం

చట్టసభ్యుల ఆఫీసులు ఇప్పుడు పాత కాపిటల్ భవనంలో కాక, దగ్గర్లో 1021 ఓ స్ట్రీట్‌లో ఉన్నాయి. సెక్యూరిటీ వరుస ఉంటుంది. ముందే చేరుకోండి.

వెళ్లేవాళ్లు నలుగురు చాలు: ప్రెసిడెంట్, ఒక ట్రస్టీ, ఒక విద్యార్థి, మీరు. ట్రస్టీలను లెక్క చూసి తీసుకెళ్లండి. మెజారిటీ ఒకే గదిలో కూర్చుని కాలేజీ విషయం చర్చిస్తే బ్రౌన్ యాక్ట్ చిక్కు వస్తుంది.

చాలాసార్లు సభ్యుడు ఓటింగ్‌కు వెళ్లిపోయి ఉంటారు, మీకు దొరికేది స్టాఫ్. చిన్నబుచ్చుకోవద్దు. బిల్లుపై సభ్యుడికి సిఫారసు రాసేది ఆ పాతికేళ్ల అమ్మాయో అబ్బాయో అయి ఉంటుంది. సమావేశం వరండాలో నిలబడి జరిగినా సరే, పూర్తి శ్రద్ధతో మాట్లాడండి.

వరుస ఇలా ఉంటే బాగుంటుంది:

1. మొదటి నిమిషంలోనే కోరిక. “ఫలానా బిల్లుకు మద్దతు కోసం వచ్చాం.” కాలేజీ చరిత్ర వద్దు.
2. నియోజకవర్గం అంకె.
3. విద్యార్థి మాట, రెండు మూడు నిమిషాలు.
4. “మీకు దీనిపై ఏ అభ్యంతరాలు వినిపిస్తున్నాయి?” అని అడగండి. జవాబు వినండి, రాసుకోండి. ఆ పదిహేను నిమిషాల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే.
5. తెలియని ప్రశ్న వస్తే “కనుక్కుని రేపటిలోగా పంపుతాం” అనండి. ఊహించి చెప్పొద్దు. ఒక్క తప్పుడు అంకె మీ తర్వాతి పది కాగితాల మీద నమ్మకం తీసేస్తుంది.
6. వెళ్లేముందు కోరికను మరోసారి చెప్పి, జవాబు ఎప్పటికి తెలుస్తుందో అడగండి.

ఆ సాయంత్రమే కృతజ్ఞతా ఈమెయిల్ వెళ్లాలి, ఇస్తామన్న సమాచారంతో సహా.

## 7. లేఖ, కమిటీ గది, సస్పెన్స్ ఫైల్

మద్దతు లేఖలు చట్టసభ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా పంపాలి. కమిటీని బట్టి గడువు విచారణకు దాదాపు వారం ముందు ఉంటుంది. గడువులోపు అందితేనే కమిటీ కన్సల్టెంట్ రాసే విశ్లేషణలో మీ కాలేజీ పేరు కనిపిస్తుంది. సభ్యులు చదివేది ఆ విశ్లేషణనే. ఆలస్యంగా పంపిన అద్భుతమైన లేఖ కన్నా గడువులో చేరిన సాదా లేఖ నయం.

కమిటీ గదిలో బిల్లుకు సాధారణంగా ఒక్కో పక్షానికి ఇద్దరు ముఖ్య సాక్షులు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. మిగతావాళ్లు మైకు దగ్గరికి వచ్చి పేరు, సంస్థ, “మద్దతు” అన్న ఒక్క మాట చెప్పి వెళ్లాలి. అక్కడ ఉపన్యాసం మొదలుపెడితే చైర్ ఆపేస్తారు. విద్యార్థులకు ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే అవమానంగా తీసుకుంటారు.

ముఖ్య సాక్షిగా రెండు నిమిషాలు దొరికితే రాసుకుని, గడియారం పెట్టి గట్టిగా చదివి చూడండి. ఎక్కువమంది పేజీలో పైభాగమంతా ధన్యవాదాలతో నింపుతారు. “నమస్కారం చైర్, సభ్యులకు. నేను ఫలానా కాలేజీ రెండో సంవత్సరం విద్యార్థిని. మద్దతుగా వచ్చాను.” ఇంతకన్నా పరిచయం అక్కర్లేదు.

తర్వాతి గండం బిల్లుల ఖర్చు లెక్క చూసే అప్రోప్రియేషన్స్ కమిటీ. అసెంబ్లీలో ఖర్చు 1,50,000 డాలర్లు దాటే బిల్లులను సస్పెన్స్ ఫైల్‌లో పెట్టి, ఒకే రోజు వరసగా చదివి తేలుస్తారు. ఆ రోజు చర్చ ఉండదు. ఏం చేయాలన్నా దానికి ముందే. బిల్లు ఖర్చు తగ్గించే సవరణ ఏదైనా ఉందేమో బిల్లు పెట్టిన సభ్యుడి ఆఫీసుతో కూర్చుని చూడండి. దశలవారీ అమలు, తక్కువ కాలేజీలతో ప్రయోగం లాంటివి.

రెండు సభలూ దాటితే పని అయిపోయిందనుకోవద్దు. కమ్యూనిటీ కాలేజీల్లో నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీకి దారి తెరిచే రెండు బిల్లులు, ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 895, ఏబీ (అసెంబ్లీ బిల్లు) 2104, 2024లో చట్టసభ దాటాయి. గవర్నర్ న్యూసమ్ రెండింటినీ వీటో చేశారు. కాలేజీలు కొత్త బ్యాచిలర్ డిగ్రీలు పెట్టుకోవడానికి 2021 నాటి ఏబీ 927 కింద ఒక పద్ధతి అప్పటికే ఉంది. గవర్నర్ ఆఫీసులో ఎవరు ఏమనుకుంటున్నారో సంతకం నాటికి కాదు, వసంతకాలంలోనే కనుక్కోవాలన్న పాఠం అక్కడుంది. స్టేట్ యూనివర్సిటీ వైపు వాళ్ల అభ్యంతరాలు కూడా మొదట్లోనే వినాలి.

## 8. వాషింగ్టన్ పని

కాలేజీ ట్రస్టీల సంఘం, కమ్యూనిటీ కాలేజీల సంఘం కలిసి ఏటా ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో శాసన సదస్సు నడుపుతాయి. చాలా కాలేజీలు ఏడాదికి ఒక్కసారి చేసే ప్రయాణం ఇదే. కాంగ్రెస్ సభ్యుడి స్థానిక ఆఫీసు మీ ఊళ్లోనే ఉంటుందన్న సంగతి మాత్రం మర్చిపోతారు. అక్కడికి కారులో వెళ్లొచ్చు, టికెట్ ఖర్చు లేదు.

2025 జులై 4న సంతకమైన చట్టంతో వచ్చిన వర్క్‌ఫోర్స్ పెల్‌ను ఇప్పుడు గట్టిగా పట్టించుకోవాలి. 2026 జులై 1 నుంచి 8 వారాలకు తగ్గకుండా, 15 వారాల కన్నా తక్కువగా, 150 నుంచి 599 గంటల మధ్య ఉండే స్వల్పకాలిక కోర్సులకు కూడా పెల్ గ్రాంట్ వర్తిస్తుంది. కానీ ఏ కోర్సు అర్హమో తేల్చడంలో గవర్నర్ ఆమోదం అవసరం. పూర్తిచేసినవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు చెరో 70 శాతం ఉండాలన్న షరతులూ ఉన్నాయి. అంటే ఫెడరల్ డబ్బుకు తాళం చెవి శాక్రమెంటోలో కూడా ఉంది. ఏ కోర్సులు ఈ షరతులు దాటగలవో ఇప్పుడే లెక్క తీయించి, రాష్ట్రంతో మాట్లాడండి.

2022 ఆర్థిక సంవత్సరం నుంచి కాంగ్రెస్ సభ్యులు స్థానిక ప్రాజెక్టులకు నేరుగా నిధులు అడిగే పద్ధతి తిరిగి వచ్చింది. ఏ ఖాతాలు తెరిచి ఉంటాయో ఏటా మారుతుంది. దరఖాస్తు గడువు తరచూ సదస్సు అయిన కొద్ది వారాల్లోనే వస్తుంది కాబట్టి ప్రాజెక్టు అంచనా, మద్దతు లేఖలు డిసెంబరుకే సిద్ధంగా ఉండాలి.

## 9. విద్యార్థులు, తల్లిదండ్రులు

విద్యార్థి మాట అన్నిటికన్నా బలమైనది. అందుకే దాన్ని జాగ్రత్తగా వాడాలి.

- కథ బయట చెప్పే ముందు రాతపూర్వకంగా సమ్మతి తీసుకోండి. మర్నాడు మనసు మారితే వెనక్కి తీసుకునే హక్కు ఉందని చెప్పండి.
- పత్రాలు లేని విద్యార్థుల వలస స్థితిని ఎక్కడా, ఎవరి ముందూ మీ నోటితో చెప్పొద్దు. వాళ్లే చెప్పాలనుకున్నా కెమెరాలుండే విచారణకు ముందు కాలేజీ న్యాయ సహాయం దగ్గరికి పంపండి. మన బిల్లు కోసం ఏ పిల్లాడూ ప్రమాదంలో పడకూడదు.
- ప్రయాణం, భోజనం ఖర్చు విద్యార్థి జేబు నుంచి పోకూడదు. పరీక్షల వారంలో పిలవొద్దు.
- మీరు రాసిచ్చింది చదివించొద్దు. రెండు సార్లు విని, ఎక్కడ పొడవైందో చెబితే చాలు.

మన తెలుగు కుటుంబాలకు ఒక మాట. వీసా మీదున్నాం, మనకెందుకు అని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఓటు, ఎన్నికల చందా విషయాల్లో పౌరసత్వాన్ని, వీసాను బట్టి నియమాలున్నాయి. సొంత ప్రతినిధికి అభిప్రాయం చెప్పడానికి, బోర్డు సమావేశంలో మైకు దగ్గర మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. హైస్కూల్‌లో ఉండగానే కాలేజీ క్లాసులు తీసుకునే మన పిల్లలు ఎంతమందో. ఆ తల్లిదండ్రులు ఒక్కసారి సభ్యుడి స్థానిక ఆఫీసుకు వచ్చి ఆ సంగతి చెబితే, మా కాగితం మీది అంకెకు ప్రాణం వస్తుంది.

## 10. పని చెడిందని ఎలా తెలుస్తుంది, ఏం చేయాలి

సభ్యుడు వ్యతిరేకంగా ఓటేశారు. సోషల్ మీడియాలో విమర్శించొద్దు. వారం లోపల స్టాఫ్‌కు ఫోన్ చేసి కారణం అడగండి. వచ్చే నెల ఆ సభ్యుడి ఓటే మరో బిల్లుకు కావాలి.

ట్రస్టీ ఒకరు బోర్డు నిర్ణయానికి విరుద్ధంగా మాట్లాడారు. వ్యక్తిగా ఆ హక్కు ఉంది. “ఇది నా సొంత అభిప్రాయం, బోర్డుది కాదు” అని ముందు చెప్పాలన్న నియమాన్ని బోర్డు పాలసీలో ముందే రాసి ఉంచండి.

కాంట్రాక్ట్ లాబీయిస్టు ఏం చేస్తున్నారో తెలియట్లేదు. నెలనెలా ఒక పేజీ రిపోర్టు అడగండి: ఎవరిని కలిశారు, ఏ బిల్లు, ఏ జవాబు, తర్వాత ఏం. రాకపోతే ఒప్పందం పొడిగించవద్దు.

అడిగిన మూడింట్లో ఒక్కటీ కాలేదు. ఎక్కడ ఆగిందో గుర్తించండి. విధాన కమిటీలోనా, సస్పెన్స్ ఫైల్‌లోనా, గవర్నర్ బల్లపైనా? మొదటి చోట అయితే వాదన మార్చాలి. రెండో చోట అయితే ఖర్చు తగ్గించాలి. మూడో చోట అయితే గవర్నర్ ఆఫీసుతో, ఆర్థిక శాఖతో ముందే మాట్లాడాలి. చాలా విషయాలు రెండు మూడేళ్లు పడతాయి, అదే బిల్లు మరో నంబరుతో తిరిగి వస్తుంది.

బాధ్యత చూసే మనిషి ఉద్యోగం మారారు. పరిచయాలన్నీ ఆ ఫోన్‌తో పాటే పోయే కాలేజీలున్నాయి. అందుకే ప్రతి సమావేశం తర్వాత ఉమ్మడి ఫైల్‌లో ఇవి చేరాలి:

- తేదీ, కలిసిన స్టాఫ్ పేరు, హోదా.
- మనం అడిగింది, వాళ్లు చెప్పిన అభ్యంతరం వాళ్ల మాటల్లోనే.
- మనం ఇచ్చిన హామీ, తీర్చిన తేదీ.
- పంపిన లేఖ ప్రతి, ఆ లేఖకు బోర్డు అధికారం ఇచ్చిన తీర్మానం నంబరు.
- లాబీయింగ్ లెక్కలోకి వచ్చే గంటలు.

కాలేజీ పత్రాలను ప్రజలు సమాచార చట్టం కింద అడిగి తీసుకోవచ్చు. కాబట్టి ఆ ఫైల్‌లో మనుషుల గురించి వ్యాఖ్యలు రాయొద్దు, జరిగింది మాత్రమే రాయండి. అక్టోబరులో బోర్డు ముందు కొత్త ప్రాధాన్యతల పత్రం పెట్టేటప్పుడు ఈ ఫైల్‌నే తెరిచి, ఏ కోరికను కొనసాగించాలో, దేన్ని వదిలేయాలో అభ్యంతరాల కాలమ్ చూసి తేల్చండి.